రిజిస్టరులో లేని బావి

బోరు వేసే రోజు పొద్దున నాకు ఇడ్లీ దిగేది కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నుంచి విరమించే దాకా ఇదే తంతు. వంట కుదరలేదేమోనని మా ఆవిడ మొదట్లో నొచ్చుకునేది. కొన్నాళ్లకు నేను ప్లేటు పక్కకు నెట్టగానే "ఇవాళ మిషను ఎక్కడ?" అని అడగడం నేర్చుకుంది.

భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో చెప్పడం నా పని. చెప్పడం అనే మాట ఆఫీసువాళ్లది. నిజానికి అది ఊహించడం. కంటికి కనబడని రాయి మీద నిలబడి, నలుగురి ముందు, ఇక్కడ తవ్వండి అని సున్నంతో గుర్తు పెట్టాలి. ఆ తర్వాత ఏం జరిగినా ఆ గుర్తు మనదే. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు పుస్తకాల్లో రాయి గురించి, నీటి గురించి చాలా చెబుతారు. ఆ గుర్తు పెట్టేవాడి భయం సంగతి ఎవరూ చెప్పరు. ఆ భయం ఎన్ని తప్పులు చేయిస్తుందో అసలే చెప్పరు. అందుకని నా ప్రమోషన్ల గొడవ పక్కన పెట్టి, హైదరాబాదు పక్కన నాచారంలో చేసిన ఒక్క పని గురించి రాస్తాను. గొప్పగా చెప్పుకునేది కాదది.

తెల్లపొడి

నాది తెనాలి వైపు. మా వైపు నాలుగు గజాలు తవ్వితే నీళ్లు పడతాయి, కాబట్టి నీళ్ల కోసం ఎవరూ భయపడరు. అరవైల్లో ఉద్యోగానికి హైదరాబాదు వచ్చి ఉప్పల్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అప్పటి ఉప్పల్ ఊరే. పొలాలు, మధ్య మధ్య పెద్ద పెద్ద గుండ్లు. నాచారం, మల్లాపూర్ వైపు ఒక్కొక్కటే కార్ఖానాలు లేస్తున్నాయి. కార్ఖానా కట్టిన ప్రతివాడికీ నీళ్లు కావాలి. కింద ఉన్నది మాత్రం రాయి.

మా పద్ధతి ఇది. నాలుగు ఇనుప మేకులు వరుసగా భూమిలో దిగ్గొట్టి, తీగలు కలిపి, కరెంటు పంపి, రాయి దాన్ని ఎంత అడ్డుకుంటున్నదో మీటరులో చూస్తాం. తక్కువ అడ్డుకుంటే కింద రాయి పగిలి ఉండవచ్చు, తడి ఉండవచ్చు. "వచ్చు" అనే మాట గమనించండి. మీటరు ఎప్పుడూ "ఉంది" అనదు. ఆ మాట అనాల్సింది మనం.

నాచారంలో నేను పెట్టిన మొదటి గుర్తు ఎండిపోయింది. గాలి ఒత్తిడితో రాయిని తొలిచే మిషను దిగినకొద్దీ బోరులోంచి తెల్లపొడి లేచింది. నూరడుగులు, నూట యాభై, నూట ఎనభై, అదే పొడి. మిషను మేస్త్రీ యాదగిరి ఉప్పల్ మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద, బడి ముఖం చూడనివాడు. గుప్పెడు పొడి తీసి నా ముందు చెయ్యి చాపి, కింద వదిలేశాడు. మిషనువాళ్లకు ఒక ఆనవాయితీ ఉండేది. నీళ్లు పడితే బోరు నోట్లోంచి వచ్చిన మొదటి తడి మట్టిని మేస్త్రీ వేలితో తీసి, గుర్తు పెట్టిన సారు నుదుటన బొట్టు పెడతాడు. ఎండిపోతే బోరు నోటి మీద రాయి పెట్టి, సారు ముఖం చూడకుండా లారీ ఎక్కుతారు. ఆ రోజు అందరూ నా ముఖం తప్పించి లారీ ఎక్కారు. నేను ఉప్పల్ దాకా నడిచి వచ్చాను.

రెండో గుర్తు కూడా ఎండింది. ఆఫీసులో నాకు "పొడిసారు" అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాడెవడో ఇప్పటికీ తెలియదు గాని, మంచి పేరే పెట్టాడు.

మా రిజిస్టరులో ప్రతి బోరుకూ ఒక వరుస ఉండేది. నీళ్లు పడితే ఆకుపచ్చ సిరా, ఎండితే ఎర్ర సిరా, పక్కన గుర్తు పెట్టినవాడి పేరు. నా పేరు పక్కన రెండు ఎర్ర వరుసలు. మూడోది ఎర్రదైతే నన్ను ఫీల్డు నుంచి తీసి బల్ల దగ్గర కూర్చోబెడతారని అందరూ అనుకుంటున్నారు. అదే మంచిదేమోనని నాకూ అనిపించేది. అంత పిరికితనం పట్టుకుంది.

హస్తవాసి

మా పెద్దసారు చలపతిగారు. ఆయన పేరు పక్కన ఒక్క ఎర్ర వరుస లేదు. ఆయనది హస్తవాసి అని జనం అనేవారు. ఆయన చేతితో సున్నం వేస్తే బండలోంచైనా నీళ్లు వస్తాయని చెప్పుకునేవారు. నేనూ నమ్మాను. ఎలా వచ్చిందో ఆ విద్య తెలుసుకుందామని ఏడాది పాటు ఆయన వెంట తిరిగాను.

ఏడాది తర్వాత తెలిసిన రహస్యం ఇంతే. ఆయన కొత్తచోట ఎప్పుడూ తవ్వించడు. ఎండని పాత బావి ఎక్కడుందో ముందు కనుక్కుంటాడు, దాని పక్కన గుర్తు పెడతాడు. మేకులు కొట్టడం, మీటరు చూడడం అన్నీ చేయిస్తాడు గాని, అవి చూసేవాళ్ల కోసం. "నీళ్లున్నచోటే నీళ్లు వెతకాలయ్యా" అనేవాడు. వినడానికి జ్ఞానంలా ఉంటుంది. సగం నిజం కూడా. కాని ఆ పాత బావి ఎవరిది, పక్కన బోరు పడ్డాక దాని గతి ఏమవుతుంది అని ఆయన ఏనాడూ వెనక్కి వెళ్లి చూడలేదు.

ఇంకొక సంగతి. గుర్తు పెట్టిన మరునాడు, మిషను దిగే రోజు, చలపతిగారికి ఎప్పుడూ సెలవే. నీళ్లు పడ్డాయని కబురు వెళ్లాక జీపులో వచ్చేవాడు. చాలాకాలం దాన్ని దర్జా అనుకున్నాను. ఒకసారి కబురు చెప్పడానికి నేనే వాళ్లింటికి వెళ్లాను. వరండాలో కూర్చుని ఉన్నాడు, పక్కన టిఫిను ప్లేటు ముట్టకుండా చల్లారిపోయి ఉంది. పడ్డాయండీ అన్నాక గాని ఆ ప్లేటు దగ్గరకు లాక్కోలేదు. ఆయనకూ ఇడ్లీ దిగదని ఆ రోజు అర్థమైంది.

భయం ఉన్నవాడు జాగ్రత్తగా పని చేస్తాడని లోకం అంటుంది. నేను నమ్మను. భయం ఉన్నవాడు తన ఒళ్లు కాపాడుకుంటాడు, అంతే. పని ఏమైపోయినా సరే.

గోడ, మూల

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నాచారంలో ఒక మందుల కార్ఖానావాళ్లు నీళ్లు లేక పని ఆపే స్థితికి వచ్చి మా ఆఫీసుకు రాసుకున్నారు. చలపతిగారు నన్ను పంపాడు. ఇది మూడోది.

కార్ఖానా ఆవరణ పెద్దదే. పడమటి గోడకు అవతల కూలీల బస్తీ, ఇరవై ఇరవై అయిదు గుడిసెలు. వాళ్లకు ఉన్నది ఒకటే బావి, గోడకు నలభై అడుగుల దూరంలో. రాళ్లు కట్టిన పాత బావి. అంతటి ఎండల్లోనూ అందులో రెండు నిలువుల నీళ్లు ఉన్నాయి. చుట్టుపక్కల ఎక్కడా అలాంటి బావి లేదు. ఆవరణకు తూర్పు మూల మాత్రం ఖాళీ నేల. అక్కడ ఎవరూ ఎప్పుడూ తవ్విన దాఖలా లేదు.

మొదటి రోజు మేకులు కొట్టి చూస్తే తూర్పు మూలలో మీటరు బాగా దిగింది. ఎనభై తొంభై అడుగుల్లో రాయి పగిలి ఉండవచ్చు. నాకు సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. రెండో రోజు మళ్లీ కొట్టాను, మళ్లీ దిగింది. మూడో రోజు కొట్టాను. ఈసారి కొంచెం తక్కువ దిగింది. ఆ కొంచెం చాలు నాకు, రాత్రంతా దాన్నే తలచుకున్నాను. నాలుగో రోజు కొట్టాను. మేకులు మోసేవాళ్లు నవ్వుకోవడం విన్నాను. కొత్తగా వచ్చేవాళ్లకు చెబుతున్నాను, అది శ్రద్ధ కాదు. నిర్ణయం తీసుకునే ధైర్యం లేనివాడు కొలతలు పెంచుకుంటూ పోతాడు. ఎన్ని కొలిచినా మీటరు "వచ్చు" అనే అంటుంది.

గోడ దగ్గర కూడా కొలిచాను. అక్కడ మీటరు ఏమంత బాగాలేదు. కాని బావి ఉంది, బావిలో నీళ్లు కనిపిస్తున్నాయి. తొంగి చూస్తే నా ముఖం కూడా కనిపించింది.

యాదగిరి మిషను తెచ్చిన రోజు సున్నం డబ్బా పట్టుకుని నేను గోడ వైపు నడిచాను. అతను నా వెనకే వచ్చి మెల్లగా అన్నాడు.

"సారూ, గోడకాడ వద్దు. ఆ మూలకు పోదాం. గాడ రాయి పగిలి ఉన్నది. నువ్వే నాలుగు దినాలు సూస్తివి గదా."

"అక్కడ పడకపోతే?" అన్నాను.

"పడకపోతే పడదు. పొడి మనకు కొత్తనా సారూ?"

అతనికి కొత్త కాదు. రిజిస్టరులో ఎర్రగా రాసేది అతని పేరు కాదు. అలాగని పైకి అనలేదు గాని, ముఖం మీద కనబడే ఉంటుంది. అతను మిషనును గోడ వైపు తిప్పించాడు.

నేను గోడ పక్కన సున్నం వేస్తుంటే, గోడకు పడిన గండిలోంచి ఒక ఆడమనిషి ఇవతలికి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, చంకలో ఖాళీ బిందె. బాలమణి అని, బావి దగ్గర వంతులు పెట్టేది ఆవిడే అని యాదగిరి చెప్పాడు. బావికి పెద్ద ఆవిడే అన్నమాట.

"సారూ, మా బావికి ఏం గాదు గదా? మాకున్నది గదొక్కటే."

ఆ ప్రశ్నకు నా దగ్గర నిజమైన జవాబు ఒకటే ఉంది. తెలియదమ్మా. బావిలోకి ఊట ఏ పగులు నుంచి వస్తున్నదో నేను చూడలేదు, బోరు అదే పగులుకు తగులుతుందో లేదో నాకు తెలియదు. కాని తెలియదంటే ఆవిడ ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే తూర్పు మూలకు పోవాలి.

"ఏం కాదమ్మా. మీ బావిలోవి పై నీళ్లు, మేం తీసేవి రాయి కింది నీళ్లు. దీనికీ దానికీ సంబంధం లేదు" అన్నాను.

అంత గట్టిగా నేను ఆఫీసులో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. లోపల వణికేవాడి గొంతు బయట ఎంత గట్టిగా పలుకుతుందో ఆ రోజు తెలిసింది. ఆవిడ నా వైపు చూసి, "సదువుకున్నోనివి, నువ్వు చెప్పినంక ఇగ ఫికర్ లేదు" అని బిందె నింపుకోవడానికి వెళ్లిపోయింది.

బొట్టు

ఎనభై అయిదు అడుగుల్లో నీళ్లు పడ్డాయి. పడడం అంటే మామూలుగా కాదు, గాలికి తాటిచెట్టంత ఎత్తు లేచాయి. కార్ఖానావాళ్లు మిఠాయి తెప్పించారు. గోడ అవతల పిల్లలు కేకలు వేశారు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, చెప్పడానికి సిగ్గు లేదు. రెండేళ్లుగా మోసిన బరువు దిగిపోయింది.

యాదగిరి వచ్చి తడి మట్టితో బొట్టు పెట్టాడు. ఆనవాయితీ కాబట్టి పెట్టాడు. పెట్టి, పక్కకు పిలిచి ఒక మాట చెప్పాడు.

"ఒక్క దినం మోటరు నడిపిచ్చి సూద్దాం సారూ. బావిల తాడుకు ముడేసి ఇడుద్దాం. నీళ్లు ముడి దిగినయా లేదా, ఎరుకైతది."

ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు. పుస్తకాల్లోనూ ఉన్నదే. ఒక తాడు, ఒక ముడి, ఒక రోజు. నీళ్లు ముడి కిందికి దిగితే మోటరు ఆపించి, మూలకు పోవచ్చు. నేను చేయించలేదు. కార్ఖానావాళ్లు తొందరపడుతున్నారని చెప్పాను, మిషను మర్నాడు మల్లాపూర్ పోవాలని చెప్పాను. రెండూ నిజమే. కాని కారణం అవి కాదు. ఆ తాడు ఏం చెబుతుందో వినడం నాకు ఇష్టం లేదు. చేతికి వచ్చిన ఆకుపచ్చ వరుసను నా చేతులతో నేనే ఎర్రగా ఎలా దిద్దుకుంటాను?

ఈ వృత్తిలో నేను చేసిన తప్పుల్లో ఇది అన్నిటికంటే పెద్దది. తప్పుచోట తవ్వడం ఎవరైనా చేస్తారు, రాయి ఎవరి మాటా వినదు. తెలుసుకునే వీలుండి తెలుసుకోకపోవడం వేరు. అది రాయి తప్పు కాదు.

నీళ్లు పడ్డాయని రాసిన కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి వచ్చాను. ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

తాడు పొడుగు

మోటరు పగలూ రాత్రీ నడిచింది. నేను ఇంకో రెండు మూడు చోట్ల పనిలో పడ్డాను. ఆ దారిన పోకుండా, బస్సు నాచారం మీదుగా పోతే అటు వైపు కిటికీ దగ్గర కూర్చోకుండా, నెలరోజులు గడిపాను. ఎందుకు కూర్చోవడం లేదో నన్ను నేను అడగలేదు.

కబురు యాదగిరే తెచ్చాడు. మొదట బావి తాడుకు ఇంకో తాడు కలిపారట. తర్వాత బిందెలో బురద వచ్చిందట. ఆ తర్వాత ఆడవాళ్లు వంతులవారీగా లోపలికి దిగి చెంబుతో తోడి పైకి పంపుతున్నారట. వంతులు పెట్టే మనిషి కాబట్టి బాలమణి తన వంతు ఎవరికీ వదల్లేదు. తడి ఆరిపోయిన గోడ రాళ్లు వదులయ్యాయి. కాలు పెట్టిన రాయి ఊడి ఆవిడ అడుగున పడింది. నీళ్లు ఉండి ఉంటే నీళ్లలో పడేది. రాతి మీద పడింది.

దవాఖానాకు వెళ్లడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. తుంటి ఎముక విరిగిందని, ఇక మునుపటిలా నడవడం కష్టమని అన్నారు. తిడుతుందని సిద్ధపడి వెళ్లాను. తిడితే బాగుండేది. ఆవిడ నన్ను గుర్తుపట్టి, మంచం పక్కన స్టూలు చూపించి కూర్చోమంది.  తర్వాత అడిగింది.

"ఆ దినం నీకు ఎరుక ఉండి చెప్పినవా సారూ, ఎరుక లేకనే చెప్పినవా?"

"తెలియకే చెప్పానమ్మా" అన్నాను.

"ఎరుక లేదని గా దినమే చెప్తే అయిపోతుండె గదా. మేమంత గోడకాడ అడ్డం కూసుండేటోళ్లం."

గొంతు పెంచలేదు. ముఖం గోడ వైపు తిప్పుకుంది. నేను తీసుకెళ్లిన బత్తాయిలు స్టూలు మీదే పెట్టి వచ్చాను.

ఆ సాయంత్రమే చలపతిగారి దగ్గరకు వెళ్లి సంగతంతా చెప్పాను. ఆ బోరు ఆపించి తూర్పు మూలలో ఇంకోటి వేద్దామని బతిమాలాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. ఆయన రిజిస్టరు తెప్పించి నా వరుస మీద వేలు పెట్టాడు. బోరు సక్సెస్ కదా, దాన్ని ఎందుకు ఆపిస్తామన్నాడు. పచ్చగా ఉన్నదాన్ని కెలికితే ఇద్దరికీ ముప్పని కూడా అన్నాడు. మా రిజిస్టరులో ఎండిన బోర్లకు గడి ఉంది. మా వల్ల ఎండిన బావులకు గడి లేదు. కార్ఖానావాళ్లను నేనే వెళ్లి అడిగాను. ఉన్న బోరు బాగానే ఉందిగా అని వాళ్లూ అదే అన్నారు.

దసరా నాటికి బస్తీ ఖాళీ అయింది. బాలమణిని ఆవిడ తమ్ముడు ఉప్పల్‌కు తీసుకుపోయాడు. తర్వాత ఒకటి రెండుసార్లు సంతలో కర్ర పట్టుకుని నడుస్తూ కనిపించింది. నేను పక్క సందులోకి తిరిగాను.

ఆ తర్వాత

అప్పటి నుంచి గుర్తు పెట్టే ముందు, నాకు తెలియదు, పడవచ్చు, పడకపోవచ్చు అని చెప్పడం మొదలుపెట్టాను. వినేవాళ్లకు అది నచ్చదు. తెలియనివాడిని ఎందుకు పంపారని ఆఫీసుకు రాసినవాళ్లున్నారు. పాత బావుల జోలికి పోకుండా కొత్తచోట్లే చూశాను కాబట్టి నా పేరు పక్కన ఎర్ర వరుసలు పెరిగాయి. ప్రతిచోటా తాడుకు ముడి వేయించాను. ధైర్యం వచ్చి చేశానని అనుకోకండి. ఇడ్లీ చివరిదాకా దిగలేదు. ఎర్ర సిరా కంటే ఎక్కువ భయపెట్టేది ఒకటి చూశాను, అంతే తేడా.

ఆరేడేళ్ల తర్వాత అదే కార్ఖానాకు వెళ్లాల్సి వచ్చింది. గోడ పక్క బోరు చేతులెత్తేసింది, కొత్తచోటు చూడమన్నారు. యాదగిరి నాతోనే వచ్చాడు, అప్పటికి అతని జుట్టు తెల్లబడింది. గోడ అవతల బావిని పూడ్చేశారు. దాని మీద గడ్డి కూడా మొలవలేదు. నేను సున్నం డబ్బా పట్టుకుని నేరుగా తూర్పు మూలకు నడిచాను. అక్కడ పెద్ద గోదాము కట్టి ఉంది, కింద సిమెంటు నేల. ఇక అక్కడ ఏ మిషనూ దిగదు.

గోదాము కాపలా మనిషి తలుపు తీసి లోపలికి రానిచ్చాడు. ఆ చివరి మూల మాత్రం ఖాళీగా ఉంది. అడిగితే చెప్పాడు, "గా మూలల సరుకు పెట్టం సారూ. ఎండకాలంల సుత నేల చెమ్మగిల్లుతది. సంచులు పాడైతున్నయి."

యాదగిరి వంగి నేల మీద అరచెయ్యి ఆనించాడు. తీసి, వేళ్లు చూసుకున్నాడు, నన్ను చూశాడు.

నా చదువు వెంటనే నోటికి వచ్చింది. మోరీ నీళ్లు కావచ్చు, కప్పు నుంచి దిగిన పాత వాన చెమ్మ కావచ్చు, ఎనభై అడుగుల కింది నీరు పైకి ఇలా రాదు. అదంతా నిజమే. అయినా దాన్నంతా పక్కన పెట్టాను.

"తెలియదు యాదగిరీ" అన్నాను. "కింద ఏముందో నాకు తెలియదు."

అతను చెయ్యి ధోవతికి తుడుచుకున్నాడు.

"గిప్పుడు చెప్తున్నవా సారూ" అని, నా ముఖం చూడకుండా లారీ వైపు నడిచాడు.